వియ్యాలవారి గ్రూపులో పోర్చుగీసు, స్వీడిష్: ప్రాజెక్టు డైరీ

సోమవారం: పని మొదలు

నాతో పనిచేసే ఒకాయనది స్వీడన్, ఆయన భార్యది పోర్చుగల్. ఇద్దరూ స్టాక్‌హోమ్‌లో ఉంటారు, ఒక చిన్న బాబు. రెండిళ్ళ పెద్దవాళ్ళూ కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. వియ్యపురాళ్ళిద్దరికీ కబుర్లంటే ప్రాణం. స్వీడన్ ఆవిడకి స్వీడిష్, ఇంగ్లీషు వచ్చు. లిస్బన్‌లో ఉండే ఆవిడకి పోర్చుగీసు, చిన్నప్పుడు బళ్ళో చదివిన కాస్త ఫ్రెంచి వచ్చు. మధ్యలో ఒక అనువాద యాప్‌తో నెట్టుకొస్తున్నారు. వార్తలైతే ఆ యాప్ చక్కగానే మారుస్తుంది. "వచ్చేసింది", "ఉంది", "శనివారం ఆరున్నరకి" లాంటి చిన్న మాటల దగ్గరే తడబడుతుంది. వాళ్ళ మధ్య నడిచేవన్నీ ఇలాంటి మాటలే.

అందుకే ఈ రెండు భాషల మధ్య రోజువారీ మెసేజ్‌ల కోసమే ఒక చిన్న సాధనం తయారు చేద్దామని కూర్చున్నా. రెండు కుటుంబాలూ ఒప్పుకుని పాత మెసేజ్‌లు ఇచ్చాయి. పేర్లు, నంబర్లు, అడ్రసులు తీసేశాకే వాటిని నా కంప్యూటర్లోకి తెచ్చుకున్నా. స్వీడిష్ సరిగ్గా ఉందో లేదో ఆయన చెప్తారు, పోర్చుగీసు సంగతి ఆయన భార్య చెప్తారు. చివరి మాట వాళ్ళదే.

బుధవారం: డేటా

ఓపస్ అనే ఉచిత భాండాగారంలో ఈ రెండు భాషలకీ జత వాక్యాలు, అంటే ఒకే మాటని రెండు భాషల్లోనూ పక్కపక్కన పెట్టినవి, బోలెడు దొరికాయి. పోర్చుగల్ 1986లో, స్వీడన్ 1995లో యూరప్ కూటమిలో చేరాయి. యూరోపియన్ పార్లమెంటు చర్చల్లోంచి తయారు చేసిన యూరోపార్ల్ సంకలనం 1996తో మొదలవుతుంది కాబట్టి రెండు భాషలూ మొదటి నుంచీ అందులో ఉన్నాయి. వ్యాకరణం శుభ్రంగా ఉంటుంది. కానీ అదంతా "అధ్యక్షా" అంటూ మొదలయ్యే భాష. ఇంటి తాళం ఎక్కడ పెట్టావని అడగడానికి పనికిరాదు.

సినిమా సబ్‌టైటిల్స్ కబుర్లకి దగ్గరగా ఉంటాయి. అయితే వాటిలో చాలావాటికి మూలం ఇంగ్లీషు. పోర్చుగీసు వాక్యం ఇంగ్లీషు నుంచి వచ్చింది, స్వీడిష్ వాక్యమూ ఇంగ్లీషు నుంచే వచ్చింది, తెర మీద పడే సమయాన్ని బట్టి రెంటినీ జతకట్టారు. ఒకరు స్క్రీన్ మీద చోటు చాలక సగం మాట వదిలేస్తే ఆ జత అక్కడే చెడిపోతుంది. పొడవులో మరీ తేడా ఉన్న జతలన్నీ ఏరి పారేశా. బ్రెజిల్ పోర్చుగీసునీ, పోర్చుగల్ పోర్చుగీసునీ వేర్వేరు ఫైళ్ళుగా పెట్టడం మాత్రం నాకు పెద్ద ఉపకారమే.

నాకు బాగా నచ్చింది టటోయెబా. 2006లో మొదలైంది, వాలంటీర్లు ఒక్కో వాక్యం రాసి, ఇతరులు తమ భాషలోకి మార్చి పెడుతూ పెంచుకొస్తున్నారు. వాక్యాలు పొట్టివి, మనుషులు నిజంగా మాట్లాడుకునేవి. మొత్తం కొంచెమే అయినా మోడల్‌కి, అంటే ఈ జతలు చూసి అనువాదం నేర్చుకునే ప్రోగ్రాంకి, ఇచ్చే శిక్షణలో దానికి ఎక్కువ బరువు ఇచ్చా.

మోడల్ విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. 2020లో వచ్చిన ఎంటుఎం-100 చిన్న వెర్షన్ తీసుకున్నా. 100 భాషల మధ్య ఇంగ్లీషు మెట్టు ఎక్కకుండా నేరుగా మార్చడానికే దాన్ని తయారు చేశారు. నాకు కావలసింది సరిగ్గా అదే. ఎందుకో కింద రాస్తున్నా.

శుక్రవారం రాత్రి: ఆరున్నర

స్వీడన్ ఆవిడ ఒకరోజు "శనివారం హల్వ్ షూకి ఫోన్ చేస్తా" అని రాశారు. షూ అంటే ఏడు, హల్వ్ అంటే సగం. స్వీడిష్ లెక్క ప్రకారం ఏడో గంటలో సగం గడిచింది, అంటే ఆరున్నర. దీన్ని ఇంగ్లీషులోకి ఉన్నదున్నట్టు దింపితే "హాఫ్ సెవెన్". బ్రిటన్లో ఆ మాటకి ఏడున్నర అని అర్థం. అక్కణ్ణుంచి పోర్చుగీసులోకి వచ్చేసరికి "సెత్ ఇ మేయా", ఏడున్నర, అని ఖాయమైపోతుంది. వాళ్ళ యాప్ లిస్బన్‌కి చేర్చింది ఈ ఏడున్నరనే.

దానికి తోడు పోర్చుగల్ గడియారం స్వీడన్ కంటే ఏడాది పొడుగునా ఒక గంట వెనక ఉంటుంది. స్టాక్‌హోమ్‌లో ఆరున్నర అయితే లిస్బన్‌లో ఐదున్నరే. ఫోన్ మోగింది ఐదున్నరకి, ఆవిడ ఎదురు చూసింది ఏడున్నరకి. రెండు గంటల తేడా! ఆ శనివారం ఒకరు ఫోన్ ఎత్తలేదని, ఇంకొకరు ఫోన్ చేయలేదని అనుకున్నారు. పాత మెసేజ్‌లలో ఆ రోజు దగ్గర ఇద్దరూ ముక్తసరిగా రాసుకోవడం కనిపిస్తుంది. చదువుతుంటే బాధేసింది.

ఇంగ్లీషు మధ్యవర్తిత్వంలో పోయేది గంటలొక్కటే కాదు. స్వీడిష్‌లో ఒకరితో మాట్లాడితే "డ్యూ", నలుగురితో మాట్లాడితే "నీ". (మన "నీ"కి పూర్తిగా ఎదురు!) "కొమ్మెర్ నీ?" అంటే మీరంతా వస్తున్నారా అని. ఇంగ్లీషులో ఒకరికైనా పదిమందికైనా ఒకటే "యూ". అది దాటి పోర్చుగీసులోకి వెళ్ళాక ఒక్కరినే పిలిచినట్టు అవుతుంది. పెళ్ళిళ్ళకీ, పండగలకీ పిలుపులు వెళ్ళే గ్రూపులో ఇది చిన్న విషయం కాదు.

గంటల పని మోడల్‌కి అప్పగించకూడదని నిర్ణయించా. మెసేజ్ మోడల్‌లోకి వెళ్ళకముందే నియమాలతో సమయాన్ని పట్టుకుని, దాని స్థానంలో ఒక గుర్తు పెడతా. అనువాదం అయ్యాక ఆ గుర్తు ఉన్న చోట అంకెలు వేస్తా. పోర్చుగీసుకి 18 తర్వాత హెచ్ అక్షరం, ఆపైన 30. స్వీడిష్‌కి 18, చుక్క, 30. "ఫెమ్ ఓవర్ హల్వ్ షూ", అంటే ఏడుకి సగమయ్యాక ఐదు నిమిషాలు, 6:35, దీన్ని మాటల్లో మార్చడం కన్నా అంకెల్లో చూపించడమే అందరికీ సుఖం. పొద్దునా సాయంత్రమా అన్నది మెసేజ్‌లోనూ, దాని ముందు వాటిలోనూ తేలకపోతే ఉత్త 6:30గానే వదిలేస్తా. ఫోన్ కాల్ మాట వస్తే పక్కన "స్టాక్‌హోమ్ టైమ్" అని చేరుతుంది.

పోర్చుగీసు వైపు నుంచి ఇంకో చిక్కు ఉంది. "నోయ్‌త్" అన్న ఒక్క మాటకి స్వీడిష్‌లో రెండు కావాలి: పడుకునే దాకా ఉండే సాయంత్రపు రాత్రి "క్వెల్", నిద్రపోయే రాత్రి "నత్". "ఈ నోయ్‌త్ ఫోన్ చేస్తా" అంటే క్వెల్. "ఈ నోయ్‌త్ నిద్ర పట్టలేదు" అంటే నత్. ఇక్కడ నియమాలు పెట్టాలని చూస్తే తెగేలా లేదు. మోడల్‌కే వదిలేశా, సబ్‌టైటిల్స్ పుణ్యమా అని అది చాలావరకు బాగానే పట్టుకుంటోంది.

ఆదివారం: ఎవరు వచ్చారు?

ఈ ప్రాజెక్టులో అసలు కష్టం ఇదేనని ఇప్పుడు నమ్మకం కుదిరింది.

పోర్చుగీసులో "జా షెగో?" అని రెండు మాటల మెసేజ్. వచ్చాడా, వచ్చిందా, వచ్చారా, ఇవన్నీ అందులో ఉన్నాయి. మనకీ కర్త చెప్పకపోవడం అలవాటే, కానీ మన క్రియ చివర చూస్తే ఆడో మగో తెలిసిపోతుంది. పోర్చుగీసు క్రియలో అదీ లేదు. స్వీడిష్‌లో కర్త లేకుండా వాక్యం నిలబడదు. అతనైతే "హాన్", ఆమెయితే "హూన్", వస్తువైతే "దెన్" లేక "దే". ఒక్కటి ఎంచుకుని తీరాలి. మోడల్‌కి ఏమీ తెలియనప్పుడు "హాన్" వైపే మొగ్గుతుంది.

ఒక సందర్భం మొత్తం ఇక్కడ పెడతా. స్వీడన్ ఆవిడ బాబు కోసం అల్లిన స్వెటర్ పోస్టులో పంపుతున్నానని రాశారు, బాబు అప్పుడు లిస్బన్‌లో ఉన్నాడు. మర్నాడు పోర్చుగల్ ఆవిడ నుంచి "జా షెగో!" అని వచ్చింది, పక్కన ఒక గుండె బొమ్మ. విడిగా ఇస్తే నా మోడల్ "అతను వచ్చేశాడు" అన్న అర్థంతో స్వీడిష్ ఇచ్చింది. ముందు నడిచిన మెసేజ్‌ని కూడా ఒక విడదీసే గుర్తుతో కలిపి ఇచ్చేసరికి పార్శిల్ వచ్చిందని సరిగ్గా మార్చింది. ఆ సాయంత్రమంతా ఇలాంటి మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి పెట్టి చూశా. మోడల్ పెద్దదా చిన్నదా అన్నదాని కంటే, దాని ముందు ఏముందో అన్నదే ఎక్కువ పనిచేస్తోంది.

జవాబుల సంగతీ అంతే. "తాళం ఉందా?" అంటే మనం "ఉంది" అంటాం. పోర్చుగీసు వాళ్ళూ అంతే, అడిగిన క్రియనే తిప్పి చెప్తారు: "తెన్యు". దాన్ని ఒంటరిగా స్వీడిష్‌లోకి మారిస్తే "నా దగ్గర ఉంది" అన్న మాట సగంలో తెగినట్టు వస్తుంది. అక్కడ వాళ్ళు ముందు "యా" అనాలి. ప్రశ్న "లేదా? రావా?" అని కాదనే ధోరణిలో ఉంటే "యా" కూడా కుదరదు, "యూ" అనే వేరే మాట ఉంది. అంటే జవాబు మార్చడానికి ప్రశ్న కావాల్సిందే. ప్రశ్న దాని ముందు మెసేజ్‌లో ఉంది. మోడల్‌కి అది చూపించకుండా ఎంత శిక్షణ ఇచ్చినా లాభం లేదు.

గురువారం: నువ్వా, మీరా

1967లో స్వీడన్ వైద్య శాఖకి అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్ తన సిబ్బంది అందరినీ "డ్యూ" అని పిలుస్తానని ప్రకటించారు. అప్పటికే మొదలైన మార్పుకి అది గుర్తుగా నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడ డాక్టరైనా, వియ్యపురాలైనా "డ్యూ"నే. పోర్చుగల్‌లో అలా కాదు. దగ్గరివాళ్ళకి "తు". పెద్దావిడకి "అ సెన్యోర". మధ్యలో "వొసే" ఉంది కానీ, బ్రెజిల్‌లో రోజంతా వినిపించే ఆ మాట పోర్చుగల్‌లో కొందరికి మొరటుగా తగులుతుంది. మన "నువ్వు, మీరు" తెలిసిన మనకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

స్వీడిష్ నుంచి పోర్చుగీసుకి వెళ్ళేటప్పుడు ఈ సమాచారం వాక్యంలో ఎక్కడా ఉండదు. కాబట్టి బయటి నుంచి ఇవ్వాలి. 2016లో ఎడిన్‌బరో పరిశోధకులు ఇంగ్లీషు నుంచి జర్మన్‌కి చేసి చూపిన పద్ధతి ఒకటుంది: వాక్యంతో పాటు మర్యాద స్థాయిని చెప్పే గుర్తు ఒకటి చేరుస్తారు, శిక్షణలో మోడల్ ఆ గుర్తుని పాటించడం నేర్చుకుంటుంది. దాన్నే తీసుకున్నా. గ్రూపులో ఒక్కొక్కరికీ ఒక కార్డు పెట్టా: ఆడా మగా, పోర్చుగల్ పోర్చుగీసా బ్రెజిల్‌దా, ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారు.

ఆడా మగా అన్నది ఎందుకంటే, పోర్చుగీసులో థాంక్స్ చెప్పే మగవాడు "ఒబ్రిగాదు" అంటాడు, ఆడమనిషి "ఒబ్రిగాద" అంటుంది. స్వీడిష్ "తక్" ఎవరు చెప్పినా ఒకటే. ఇన్నాళ్ళూ యాప్ పుణ్యాన స్వీడన్ ఆవిడ "ఒబ్రిగాదు" అంటూనే ఉన్నారు, పోర్చుగల్ ఆవిడ పెద్దమనసుతో ఊరుకుంటూనే ఉన్నారు.

కార్డు పెట్టిన కొద్ది రోజులకే ఒక మంచి విషయం జరిగింది. మొదట ఇద్దరి మధ్యా "అ సెన్యోర" పెట్టాం. పోర్చుగల్ ఆవిడ తన కూతురికి ఫోన్ చేసి, "నన్ను ఇంకా పరాయిదానిలా పిలుస్తోందేమిటి, తు అనమను" అన్నారట. కార్డులో ఒక్క గడి మార్చాం. మర్యాద స్థాయిని ఒకసారి పెట్టి వదిలేసే సెట్టింగులా కాకుండా, ఎప్పుడైనా మార్చుకునేలా గ్రూపులోనే బటన్ ఇచ్చా. ఈ పని మొత్తంలో నాకు అత్యంత సంతోషం కలిగించిన బటన్ అదే.

శనివారం: అమ్మమ్మా, నాయనమ్మా

పోర్చుగీసులో రెండు వైపుల అవ్వలకీ ఒకటే మాట, "అవో". స్వీడిష్‌లో అమ్మమ్మ "మోర్‌మోర్", నాయనమ్మ "ఫార్‌మోర్". మేనమామ "మోర్‌బ్రోర్", మేనత్త "ఫాస్టెర్". నా నోట్సులో లేబుళ్ళు తెలుగులోనే రాసుకున్నా, ఇంగ్లీషులో రాసుంటే ప్రతిసారీ రెండు మాటలు పట్టేవి. తాతయ్యల దగ్గర మాత్రం స్వీడిష్‌దే పైచేయి, అమ్మ నాన్న "మోర్‌ఫార్", నాన్న నాన్న "ఫార్‌ఫార్".

బాబుకి పోర్చుగల్ ఆవిడ మోర్‌మోర్, స్వీడన్ ఆవిడ ఫార్‌మోర్. పోర్చుగల్ ఆవిడ ఫోన్లో స్వరాల మీది గుర్తులు పెట్టకుండా టకటకా కొట్టేస్తారు. "అవో" అన్న మాటలో చివరి ఓ మీద ఏటవాలు గీత ఉంటే అవ్వ, టోపీ గుర్తు ఉంటే తాత. రెండూ లేకపోతే? మాట ముందున్న చిన్న "అ" కాపాడుతుంది, అది స్త్రీలింగానిది. తాతకైతే "ఉ" ఉండేది. అలా అవ్వ అని తేలాక, ఏ అవ్వ అన్నది కార్డులోని వంశవృక్షం చూసి తేల్చాలి. ఆవిడే బాబు గురించి రాస్తూ "రేపు అవో తీసుకెళ్తుంది" అంటే తన గురించే, కాబట్టి మోర్‌మోర్. "ఇంకో అవో" అంటే ఫార్‌మోర్. తేలకపోతే సాధనం ఊహించదు, పంపే మనిషినే అడుగుతుంది: రెండు బటన్లు, ఒక్క నొక్కు.

చిన్న చిన్నవి, పోగేసి

"6" పక్కన పైన చిన్న "ఎ" పెడితే పోర్చుగీసులో శుక్రవారం. వాళ్ళకి సోమవారం రెండోది, అలా లెక్కపెడితే శుక్రవారం ఆరోది. దీన్ని ఆరో తారీఖుగా మార్చకుండా నియమం పెట్టా.

స్వీడన్ వాళ్ళు "34వ వారంలో వస్తాం" అంటారు. పోర్చుగల్ ఆవిడకి వారాల నంబర్లతో పనిలేదు. పక్కనే సోమవారం నుంచి ఆదివారం దాకా తేదీలు చేరుస్తున్నా.

"నేను లెమ్నా, నువ్వు హెమ్తా" అని మొగుడూ పెళ్ళాల మెసేజ్. బాబుని బడి దగ్గర దింపడం, తీసుకురావడం అని స్వీడన్‌లో ఎవరికైనా అర్థమవుతుంది, బాబు పేరే ఎత్తరు. ముక్కకి ముక్క మారిస్తే పోర్చుగీసులో రెండో సగం "నువ్వు దెబ్బలు తింటావ్" అనిపించే ప్రమాదం ఉంది, ఎందుకంటే "అపన్యార్" అన్న క్రియకి ఆ అర్థమూ ఉంది. టటోయెబా వాక్యాలతో పాటు ఇలాంటి ఇంటి మాటలు కొన్ని నేనే రాసి, బాబు అమ్మ చేత సరిచూపించి శిక్షణలో కలిపా.

"ఈరోజు వాబ్" అంటే ఒంట్లో బాగాలేని బిడ్డ కోసం ఇంట్లో ఉండటం. స్వీడన్‌లో ప్రభుత్వమే దానికి డబ్బు ఇస్తుంది, మామూలుగా ఒక బిడ్డకి ఏడాదికి 120 రోజుల దాకా. పోర్చుగీసులో ఒక్క మాటలో రాదు. "బాబుకి బాగాలేదు, ఇంట్లో ఉన్నా" అని విడమరచడమే.

స్విష్ అంటే స్వీడన్‌లో ఫోన్లో డబ్బు పంపే యాప్. "స్విష్ చెయ్యి" అన్నదాన్ని పోర్చుగల్ వాళ్ళ అలాంటి యాప్ ఎంబీ వేగా మార్చాలా? వద్దనుకున్నా. డబ్బు నిజంగా వెళ్ళే దారి స్విష్ అయినప్పుడు ఆ పేరే ఉండాలి.

మంగళవారం: కొలత

అనువాదం నాణ్యత కొలవడానికి 2015లో వచ్చిన సీహెచ్ఆర్ఎఫ్ అనే కొలమానం వాడుతున్నా. అక్షరాల గుంపులు ఎంత కలిశాయో చూసి మార్కులు వేస్తుంది. పెద్ద వాక్యాలకి మంచిదే. కానీ ఆరున్నర బదులు ఏడున్నర రాసినా మిగతా అక్షరాలన్నీ కలుస్తాయి కాబట్టి మార్కులు పెద్దగా తగ్గవు. ఫోన్ కాల్ మాత్రం పూర్తిగా తప్పిపోతుంది.

అందుకని సొంత పరీక్ష తయారు చేసుకున్నా. ప్రతి మెసేజ్‌కీ సూటి ప్రశ్నలు: సమయం సరిగ్గా ఉందా, ఎవరు అన్నది సరిగ్గా ఉందా, ఎవరితో అన్నది సరిగ్గా ఉందా, పిలుపు తగినట్టు ఉందా. జవాబు అవును లేక కాదు. భార్యాభర్తలు రాత్రి బాబు పడుకున్నాక కూర్చుని టిక్కులు పెడుతున్నారు. శైలి కాస్త అటూ ఇటూ ఉన్నా పరవాలేదన్నారు, నేనూ ఒప్పుకున్నా. ముందు మెసేజ్, కార్డు రెండూ కలిపి ఇచ్చినప్పుడు "ఎవరు" అన్న ప్రశ్న దగ్గర "కాదు"లు బాగా తగ్గాయి. గంటల దగ్గర ఇప్పుడు "కాదు" దాదాపు రావట్లేదు. ఇంకా ఇబ్బంది పెడుతున్నది, స్వీడిష్‌లో కలిపి రాయాల్సిన సమాసాల్ని విడగొట్టి రాసే మెసేజ్‌లు. "పొగ లేని" అనే మాటని విడగొడితే "పొగ తాగు, స్వేచ్ఛగా" అయిపోతుంది. దీని మీద ఇంకా పని ఉంది.

ఆదివారం: మందులు

నిన్న బాబుకి జ్వరం. లిస్బన్ నుంచి అమ్మమ్మ మందు చీటీ ఫోటో తీసి, కింద టైప్ చేసి పంపారు. అందులో "8/8" అని ఉంది, పక్కన గంటల గుర్తు. పోర్చుగీసు చీటీల్లో దానికి ఎనిమిది గంటలకొకసారి అని అర్థం. ఆ గంటల గుర్తు టైపింగులో జారిపోతే రెండు భాషల్లోనూ అది ఆగస్టు 8వ తేదీ. ఈసారి గుర్తు ఉంది, మోడల్ సరిగ్గానే మార్చింది. అయినా నాకు టెన్షన్ తగ్గలేదు.

రాత్రే కోడ్ మార్చా. మందు, మోతాదు, జ్వరం, ఎలర్జీ లాంటి మాటలు కనిపించిన మెసేజ్‌లో అంకెల్ని సాధనం ముట్టుకోదు. మూలంలో ఉన్నట్టే ఉంచి, వాటి కింద గీత గీసి, "బాబు అమ్మతో సరిచూసుకోండి" అని ఒక లైను రెండు భాషల్లో చూపిస్తుంది. ప్రతి అనువాదం కిందా అసలు మెసేజ్ కూడా ఎప్పుడూ కనిపించేలా పెట్టా. బాబుకి ఈరోజు జ్వరం తగ్గింది. బ్రెజిల్ నుంచి ఒక పెద్దమ్మ వచ్చే వారం గ్రూపులో చేరుతున్నారు. ఆవిడ కార్డుకి బ్రెజిల్ పోర్చుగీసు శిక్షణ ఇంకా చాలలేదు, రేపటి నుంచి ఆ ఫైళ్ళ మీద కూర్చోవాలి.